గోధుమ తినలేదని తీర్థమలైలో ప్రమాణం చేసిన రోజు

మా అమ్మకు నా మీద అనుమానం వచ్చింది. అందుకే మేము తీర్థమలై కొండ మీది గుడికి వెళ్ళాం. భక్తితోనో, కొండలంటే ఇష్టంతోనో బయలుదేరిన ప్రయాణం కాదని ముందే చెప్పేస్తే మంచిది. ఎనభైల మధ్యలో మాట ఇది. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. ధర్మపురిలో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసేదాన్ని. అంతకుముందు మూడేళ్ళుగా ఒకటే నీరసం. మెట్లు నాలుగు ఎక్కితే ఆయాసం, రోజుకు ఆరేడుసార్లు విరేచనాలు, గోళ్ళు తెల్లబడిపోవడం. టానిక్కులు తాగాను, నులిపురుగుల మందులు మింగాను, తాయెత్తు కూడా కట్టించుకున్నాను. నీరసంగా ఉన్నవాళ్ళకు మా వైపు అందరూ చెప్పే పథ్యం ఒకటుంది: గోధుమ నూక గంజి, పాలలో ముంచిన బన్ను. అమ్మ అవి శ్రద్ధగా పెట్టింది. ఎంత పెడితే అంత చిక్కిపోయాను.

చివరికి బెంగుళూరులో ఒక పెద్ద డాక్టరు గొట్టం మింగించి, పేగులో చిన్న ముక్క తీసి పరీక్ష చేయించి జబ్బు పేరు చెప్పాడు. సీలియాక్. గోధుమలో ఉండే బంక పదార్థం నా పేగుకు పడదు, అది లోపలి పొరను అరగదీస్తుంది, మందు లేదు, బతికినన్నాళ్ళూ గోధుమ ముట్టకపోవడమే వైద్యం అన్నాడు. ఉత్తరాది పిల్లల్లో చూశాను గానీ, సంగటి తిని పెరిగిన పెద్దవాళ్ళలో చూడటం అరుదని కూడా అన్నాడు. నాకదేమీ గొప్పగా అనిపించలేదు. అమ్మకు ఏ భాషా చదవడం రాదు కాబట్టి, తినకూడనివి నేను చదువుతుంటే బట్టీ పట్టింది. గోదమ, మైదా, బొంబాయి రవ్వ, సేమియా, బన్ను, బిస్కెట్టు అని వంటింట్లో పాఠంలా అప్పజెప్పుకునేది. మధ్యాహ్నం అన్నం, పొద్దునా సాయంత్రం రాగి సంగటి. రాగులు పిక్కిలి అనే ఊళ్ళో మా పెద్దమ్మ చేనివి. ఐదు నెలలు తిరిగేసరికి ఆరు కిలోలు బరువు పెరిగాను. చీర కుచ్చిళ్ళు సరిపోకుండా పోయాయని సంబరపడ్డాను.

ఆ తరువాత ఏ కారణమూ లేకుండా నీరసం మళ్ళీ మొదలైంది. తిండిలో మార్పు లేదు. ఆరో నెల, ఏడో నెల, ఎనిమిదో నెల గడిచేసరికి డ్యూటీలో హెడ్‌ఫోను బరువుగా అనిపించే స్థితికి వచ్చాను. మళ్ళీ బెంగుళూరు వెళ్ళాం. డాక్టరు కన్నడంలో ఒక ప్రశ్న వేసి, దాన్ని మీ అమ్మగారికి చెప్పండి అన్నాడు. చెప్పాల్సింది నేనే కదా, చెప్పాను: "నేను నీకు తెలీకుండా గోదమ తింటా ఉండానా అని అడుగుతా ఉండాడు." అమ్మ నా వైపు చూసి, తలదించుకుంది. తింటూ ఉంటే మానేయమన్నాడు డాక్టరు. నిజంగా తినకపోతే మాత్రం ఇది ఇంకో పెద్ద జబ్బు కావచ్చు, నెల తరువాత ఆసుపత్రిలో చేర్చి కడుపు కోసి చూడాల్సి వస్తుందన్నాడు. అంటే నేను అబద్ధాలకోరునైనా అయి ఉండాలి, లేదా అంతకంటే చెడ్డదేదో నా లోపల పెరుగుతూనైనా ఉండాలి. మూడో దారి ఎవరికీ తోచలేదు.

ఇంతలో పక్కింటావిడ నన్ను బస్టాండు దగ్గర బేకరీలో బ్రెడ్డుతో చూసి అమ్మకు చెప్పింది. ఆ బ్రెడ్డు జ్వరం వచ్చిన నా తోటి ఆపరేటరు కోసం కొన్నది. అమ్మ మూడు రోజులు ఏమీ అడగలేదు. నాలుగో రోజు అన్నం వడ్డిస్తూ, తీర్థమలైలో సత్తియం చేస్తావా అని అడిగింది. సరేనన్నాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా వైపు ఒకరి మాట మీద ఒకరికి నమ్మకం పోయినప్పుడు గుడి ముందు కర్పూరం వెలిగించి, ఆ మంటను అరచేత్తో చరిచి ఆర్పుతూ నిజం చెప్పాలి. పొలం గట్ల తగాదాలూ, కోడి దొంగతనాలూ ఇలాగే తేలేవి. ఆర్పినవాళ్ళు అబద్ధం చెబితే ఆ దేవుడే చూసుకుంటాడు. ఆ తరువాత ఇక ఎవరూ అడగకూడదు. మనుషులకు ఇది చాలా సౌకర్యంగా ఉండే పద్ధతి.

ధర్మపురి బస్టాండులో పొద్దున ఆరు గంటలకు మొరప్పూరు మీదుగా అరూరు వెళ్ళే బస్సు ఎక్కాం. అరూరుకు గంటన్నర పట్టింది. టిక్కెట్టు ఒక్కొక్కరికి నాలుగు రూపాయలలోపే. ఆ ఛార్జీ ఇప్పుడు ఎవరికీ పనికిరాదు, దారి మాత్రం అదే. నా సంచిలో గుడ్డ మూటలో కట్టిన రాగిపిండి, ఒక చిన్న దబరా గిన్నె, అరటిపళ్ళు, వేయించిన వేరుశనగలు ఉన్నాయి. బయట ఎక్కడికి పోయినా నా పిండి నేనే మోసుకుపోయేదాన్ని. నేను కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంటే కండక్టరు అమ్మను ఏమైందని అడిగాడు. నీరసం అని చెప్పింది. గోధుమ కంజి తాగించమని ఆయన తమిళంలో మంచి మనసుతో సలహా ఇచ్చాడు. ఆ రోజుల్లో నాకు ఆ సలహా ఇవ్వనివాళ్ళు బెంగుళూరు డాక్టరు ఒక్కడే.

అరూరులో మమ్మల్ని దింపి ఆ బస్సు ముందుకు పోయింది. తీర్థమలైకి టౌను బస్సు ఎనిమిదిన్నరకు. పదహారు కిలోమీటర్లే, కానీ అది ప్రతి మొండిచెట్టు దగ్గరా ఆగుతుంది కాబట్టి ముప్పావుగంట వేసుకోండి. చింతపళ్ళ బుట్టలు, మేకపిల్లలు, మధ్యలో మేము. నాకు సీటు దొరికింది, అమ్మకు దొరకలేదు. నా పక్కనే నిలబడి కమ్మీ పట్టుకుంది. దారి పొడుగునా నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కోపమై ఉంటుందనుకున్నాను. భయమని ఆ రోజు మధ్యాహ్నానికి గాని నాకు అర్థం కాలేదు.

కొండ కింద ఊళ్ళో తాటాకు పందిరి వేసుకుని మునెమ్మ అనే ఆవిడ యాత్రికులకు సంగటి వండి పెట్టేది. యాభై ఏళ్ళుంటాయి, మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టెపొయ్యి కాల్చిన మచ్చలు. మేము తమిళంలో మొదలుపెడితే మా యాస పట్టేసి, మీరూ తెలుగోళ్ళేనా అని తెలుగులోకి దిగింది. వాళ్ళ ముత్తాతల కాలం నుంచి అక్కడే ఉన్నారట. ఎవరి పిండి వాళ్ళు ఇస్తే వండిపెట్టడానికి కూలి తీసుకుంటుంది, తన పిండితో వండితే ముద్దకింత అని ఉంది. అమ్మ మూట విప్పి ఇస్తూ, బిడ్డకు గోధుమ పడదని, వేరే గిన్నెలో, వేరే తెడ్డుతో చెయ్యమని రెండుసార్లు చెప్పింది. మునెమ్మ ఎందుకని అడగలేదు. ఒంటిగంటకు దిగి రండి, వేడిగా ఉంటుంది అంది.

కొండ ఎక్కడానికి మామూలు మనిషికి ముప్పావుగంట, పిల్లలతో గంట. నాకు రెండు గంటలు పట్టింది. మొదటి మెట్లు బాగానే సాగాయి. మలుపు తిరిగాక నా కాళ్ళు నా మాట వినడం మానేశాయి. ఈ నీరసం గురించి అనుభవం లేనివాళ్ళకు చెప్పడం కష్టం. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. తరువాతి మెట్టు కళ్ళ ముందే ఉంటుంది, దాని మీద కాలు పెట్టడానికి కావలసినది మాత్రం ఒంట్లో ఎక్కడా దొరకదు. ఇరవై మెట్లకొకసారి కూర్చున్నాను. కోతులు వచ్చి చూసి, అరటితొక్క తప్ప ఏమీ లేదని తేల్చుకుని వెళ్ళిపోయాయి. అమ్మ పది మెట్లు పైకి పోయి నిలబడి ఎదురుచూసేది. వెనక్కి వచ్చి చెయ్యి అందించలేదు. సత్యానికి పోయేవాళ్ళను ముట్టుకోకూడదని ఎవరో చెప్పారట.

పైన రాతి చరియ మీది నుంచి రామతీర్థం పడుతూ ఉంటుంది. ఎండాకాలంలోనూ ఆగదని అక్కడివాళ్ళు చెబుతారు. నీళ్ళు సన్నగా, చల్లగా ఉన్నాయి. దాని కింద తల తడుపుకున్నాం. ఇంకా నాలుగు తీర్థాలున్నాయి. వాటిలో అగస్త్య తీర్థం తాగితే కడుపు జబ్బులు పోతాయంటే అమ్మ నా చేత మూడు దోసిళ్ళు తాగించింది. నమ్మకం ఉన్నా లేకపోయినా దాహానికి చాలా బాగుంది. వెళ్ళేవాళ్ళు మార్చుకోవడానికి పొడిబట్టలు పట్టుకెళ్ళండి, మేము పట్టుకెళ్ళలేదు.

పూజారి గుడి లోపల ప్రమాణాలు ఒప్పుకోనన్నాడు. బయట బండ చూపించాడు. ఆ బండ మధ్యలో నల్లటి మసి మరకలు చాలా ఉన్నాయి. మాకంటే ముందు చాలామందికి ఇంట్లో నమ్మకాలు పోయినట్టుంది. అమ్మ రెండు కర్పూరం బిళ్ళలు పెట్టి వెలిగించింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని, డాక్టరు వద్దన్న రోజు నుంచి ఈ రోజు వరకు గోధుమ నా నోట్లోకి పోలేదు అని చెప్పి మంట మీద చరిచాను. అరచేయి చురుక్కుమంది, అంతే. నేను నిజం చెప్పానని నాకు తెలుసు కాబట్టి ధైర్యంగానే చరిచాను. లేచి అమ్మ ముఖం చూశాను. నమ్మింది. కానీ ఆ ముఖంలో సంతోషం లేదు. నేను దొంగతిండి తిని ఉంటే అమ్మకు ఎంతో నిశ్చింతగా ఉండేది, తిట్టి మాన్పించేది. తినలేదని రుజువయ్యాక ఆమెకు మిగిలింది ఆసుపత్రి, కత్తి. బస్సులో ఆ మౌనం ఎందుకో నాకప్పుడు తెలిసింది. నా మీద అనుమానాన్ని అమ్మ ఒక ఆశలాగా పట్టుకుని అంత దూరం వచ్చింది. దాన్ని నా చేత్తోనే ఆర్పించాను. ఏడుపొచ్చింది, కానీ మళ్ళీ మెట్లు దిగాలి కాబట్టి ఏడవలేదు.

దిగడానికి గంట పట్టింది. ఒంటిగంట దాటాక పందిరి చేరితే మునెమ్మ సంగటి వండలేదు. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి సగం ఇంకిపోయి ఉంది. మా పిండి ఒక చేటలో, దాని పక్కన ఒక జల్లెడ. ఆమె ఎవరి పిండినైనా జల్లించిగాని ఎసట్లో పోయదట. అమ్మ ఇంట్లో జల్లించేది కాదు. జబ్బు మనిషికి పొట్టుతో పాటు సత్తువ పోతుందని.

"ఇది నేను వండలేనక్కా," అంది మునెమ్మ. "దీంట్లో గోదమ ఉండాది."

అమ్మ నవ్వబోయింది. ఉండదని, పిక్కిలిలో తన అక్క చేనిలో పండిన రాగులని, కడిగి ఆరబెట్టి తానే దగ్గరుండి మరలో ఆడించానని చెప్పింది. మునెమ్మ వాదించలేదు. జల్లెడ మా ముందుకు జరిపింది. అందులో రాగి పొట్టు సన్నగా, నల్లెరుపుగా ఉంది. దాని మధ్య మధ్య లేత పసుపు రంగులో, వెడల్పుగా, పలచగా రేకులు. నేను చిటికెడు తీసి చూశాను. ఇంట్లో మూడేళ్ళు నాకు గంజి కాచిన గోధుమ నూకలో ఈ రేకులే పైకి తేలేవి. గుర్తుపట్టడానికి డాక్టరు అక్కరలేదు.

"మిసినుకాడ నీ ముందర ఎవురు ఏసినారు?" అని అడిగింది మునెమ్మ.

"గోదమ వాళ్ళే. గోదమ తర్వాతే నేను ఏస్తాను," అంది అమ్మ. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "ముందర మిరపకాయ, దనియాలు ఆడింటారు. ఆ గాటు బిడ్డ కడుపుకు ఆగదు కదా. గోదమ ఏస్తే రాయి సుబ్రమైపోతాది. అందుకని గోదమ వాళ్ళు వచ్చేదాకా కాచుకోనుంటాను. ఒక్కోనాడు గంటసేపు నిలబడినాను."

మరలో ఒకరి ధాన్యం అయిపోయాక కొంత పిండి రాళ్ళలోనూ గొట్టంలోనూ మిగులుతుంది, అది తరువాతివాళ్ళ పిండితో కలిసి వస్తుంది. అందరికీ తెలిసిన సంగతే. ఒకరి పిండి ఇంకొకరికి పిడికెడు పోయిందని ఎవరూ పట్టించుకోరు. మిరప తరువాత వెయ్యకూడదని మాత్రం ప్రతి ఆడమనిషికీ తెలుసు. రేషను గోధుమ ఆడిన వెంటనే దొరికే వంతు మంచి వంతు. అమ్మ నా కోసం మూడు నెలలుగా ఆ మంచి వంతు సంపాదించి పెడుతోంది. పదిహేను రోజులకొకసారి, రెండు కిలోల చొప్పున, గోధుమ మిగులంతా నా గుడ్డ మూటలోకి.

ఎప్పటి నుంచి మరకు ఇస్తున్నావని అడిగాను. అమ్మ వేళ్ళు మడిచి లెక్క పెట్టడం మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేసింది. మొదటి ఐదు నెలలూ పిక్కిలి నుంచి రాగులు రాలేదు, పిండి వచ్చింది. పెద్దమ్మ తన ఇంట్లో తిరగలి మీద విసిరి పంపేది. గట్టు మీద జారి ఆమె చెయ్యి విరిగింది. అప్పటి నుంచి రాగులే పంపుతోంది. నేను చిక్కిపోవడం మొదలైంది ఆ నెలలోనే. అమ్మ బట్టీ పట్టిన తినకూడని వస్తువుల్లో మర లేదు. చదివి వినిపించినదాన్ని నేను, నాకూ తట్టలేదు.

అమ్మ కింద కూర్చుంది. చేటలోని పిండిని చూస్తూ మెల్లగా అంది. "నీ సత్తియాన్ని నేనే అబద్దం చేసినానే."

మునెమ్మ ఆమెకు నీళ్ళిచ్చింది. తెలియక చెప్పింది అబద్ధం కాదని, అట్లయితే ఆ బండ దగ్గర నుంచి ఎవరూ ఇంటికి పోలేరని అంది. నాకు అమ్మను ఓదార్చాలని తోచలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. నాలో ఇంకో జబ్బు లేదు. కడుపు కోయక్కరలేదు. నేను అబద్ధాలకోరును కాను. ఇన్ని మంచి కబుర్లు ఒక జల్లెడలో దొరికాయి. పక్కన అమ్మ కుంగిపోతుంటే నేను లోలోపల నవ్వుకుంటున్నాను.

మునెమ్మ తన పిండితో నాకు సంగటి చేసింది. పందిరి వెనకాల ఆమెకు తిరగలి ఉంది, మా వైపు ఇసుర్రాయి అంటాం. ఆమె పిండి దాని మీద విసిరిందే, గోధుమ దాని మీదికి ఏనాడూ రాలేదు. నేను రెండు ముద్దలు తిన్నాను, అనపగింజల చారుతో. అమ్మ తినలేదు. మునెమ్మ దగ్గర నాలుగు పడుల రాగులు కొని, చెంగు నడుముకు దోపి తిరగలి ముందు కూర్చుంది. రెండున్నర బస్సు పోయింది. పిడి పట్టి ఎన్నేళ్ళయిందో, మొదటి అరగంటలోనే అరచేతిలో బొబ్బ లేచింది. చాలని చెప్పాను. వినలేదు. నేను పక్కన కూర్చుని గుప్పెడు గుప్పెడు రాగులు తిరగలి కంట్లో పోస్తూ ఉన్నాను. అమ్మ విసురుతూనే ఉంది. మధ్యలో ఒకసారి, తలెత్తకుండా, ఆ బ్రెడ్డు ఎవరికి కొన్నావని అడిగింది. చెప్పాను. ఊఁ అంది. నాలుగున్నర బస్సులో ఇద్దరికీ సీట్లు దొరికాయి. అరూరు వచ్చేదాకా అమ్మ ఆ మూటను ఒళ్ళోంచి దించలేదు.

రెండు నెలల్లో కోలుకున్నాను. బెంగుళూరులో డాక్టరు జల్లెడ కథ విని, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. కడుపు కోసే మాట మళ్ళీ రాలేదు. అమ్మ మా ఇంటికి ఒక తిరగలి కొనిపించి, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వకుండా పదేళ్ళ పైన తనే విసిరింది. నేను విసురుతానంటే ఒప్పుకునేది కాదు. ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. జబ్బుతో బతకడం అంటే తినకూడనివి మానుకోవడమే అనుకునేదాన్ని. మన కోసం వండేవాళ్ళు, ఆడించేవాళ్ళు, నిలబడేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మంచితనం కూడా మన కడుపులోకే పోతుంది. దాన్ని జల్లించి చూడాల్సి వస్తుందని ఎవరూ ముందుగా చెప్పరు. తీర్థమలై వెళ్ళేవాళ్ళు పొద్దున పదిలోపే కొండ ఎక్కడం మొదలుపెట్టండి, ఆ తరువాత బండలు కాలతాయి. నాలాంటి జబ్బున్నవాళ్ళకు ఒక్క సలహా: మీ సంచిలోని పిండి మరలో ఆడిందయితే, దానికి ముందు ఏం ఆడించారో తప్పకుండా కనుక్కోండి. కనుక్కునేటప్పుడు మాత్రం, ఆ పిండి మీ కోసం ఆడించి తెచ్చినవాళ్ళు పక్కన లేకుండా చూసుకోండి.